రోహిణి ఒడ్డున ఐదో మనిషి



పంచశీలను మనం రోజూ ఇంట్లో, విహారంలో చెప్పుకుంటాం. ప్రాణం తీయను, నాకు ఇవ్వనిది తీసుకోను, అబద్ధమాడను అని మనిషిగా మాట ఇస్తాం. మరి ఒక రాజ్యం ఇంకో రాజ్యం మీద బాంబులు వేస్తే, ఒక దేశం పక్క దేశపు సముద్రాన్ని తనదంటే, ఆ మాట ఎక్కడికి పోతుంది? "అది రాజకీయం, అక్కడ ధమ్మం పనిచేయదు" అంటారు చాలామంది. బాగా చదువుకున్నవాళ్లే ఎక్కువగా అంటారు. దేశాల మధ్య బలమే న్యాయమట, మిగతాదంతా ఉపన్యాసమట.

ఈ పాఠంలో ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం. ముందే ఒక హెచ్చరిక. మంచి మాటలు రాసుకుంటే దేశాలు మంచివైపోతాయని ఎవరూ అనుకోకూడదు. 1954 ఏప్రిల్‌లో భారత్, చైనా ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఒకరి సరిహద్దును ఒకరు గౌరవించాలి, దాడి చేసుకోకూడదు, కలిసి శాంతిగా బతకాలి అంటూ ఐదు సూత్రాలు రాసుకుని దానికి పంచశీల అని పేరు పెట్టుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో బాబాసాహెబ్ అంబేద్కర్ రాజ్యసభలో దాన్ని గట్టిగా తప్పుపట్టారు. 1962లో యుద్ధం వచ్చింది. బాబాసాహెబ్ కోపం శీలం మీద కాదు. శీలం పేరు చెప్పే రాజ్యాన్ని గుడ్డిగా నమ్మడం మీద అని నేను అర్థం చేసుకున్నాను. ఆ ఒప్పందంలో సూత్రాలున్నాయి. సూత్రం తప్పినప్పుడు ఎవరు తీర్పు చెప్పాలో మాత్రం లేదు.

ఆ లోటు ఎలా తీరాలో బాబాసాహెబే తన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో చూపించారు. అది రోహిణి నది తగాదా.

రోహిణి దగ్గర ఏం జరిగింది

సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు విడిచాడు? ముసలివాణ్ని, రోగిని, శవాన్ని చూసి అని మనం చిన్నప్పటి నుంచి విన్నాం. 29 ఏళ్లు వచ్చేదాకా ఒక మనిషి వీటిని చూడకుండా ఎలా ఉంటాడని బాబాసాహెబ్ ప్రశ్నించారు. ఆ కథను పక్కనపెట్టి, నీళ్ల తగాదాను ముందుకు తెచ్చారు.

శాక్యుల రాజ్యానికి, కోలియుల రాజ్యానికి మధ్య రోహిణి పారుతుంది. రెండు వైపులా పొలాలకు ఆ నీళ్లే ఆధారం. ఎవరు ముందు పెట్టుకోవాలి, ఎంత పెట్టుకోవాలి అని ప్రతి ఏడూ గొడవే. ఒక ఏడు రెండు పక్షాల పనివాళ్లు కొట్టుకున్నారు, దెబ్బలు తగిలాయి. శాక్య సంఘం సమావేశమైంది. కోలియుల మీద యుద్ధం ప్రకటించాలని సేనాపతి తీర్మానం పెట్టాడు.

సిద్ధార్థుడు అప్పటికి ఎనిమిదేళ్లుగా సంఘ సభ్యుడు. లేచి వ్యతిరేకించాడు. కోలియులది తప్పు లేదనలేదు. మనవాళ్లు కూడా చేయి చేసుకున్నారని విన్నాను, ముందు విచారణ జరగాలి అన్నాడు. మన నుంచి ఇద్దరిని ఎన్నుకుందాం, వాళ్లను ఇద్దరిని ఎన్నుకోమందాం, ఆ నలుగురూ కలిసి ఐదో మనిషిని ఎన్నుకుంటారు, ఆ ఐదుగురూ తేలుస్తారు అని ప్రతిపాదించాడు.

ఓట్లు వేశారు. సేనాపతి భారీ మెజారిటీతో నెగ్గాడు. మర్నాడు ఇంకో తీర్మానం వచ్చింది: 20 నుంచి 50 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి శాక్యుడూ సైన్యంలో చేరాలి. సిద్ధార్థుడు చేరనన్నాడు. అప్పుడు సేనాపతి ఏమని బెదిరించాడో గమనించండి. ఉరికి గానీ దేశ బహిష్కారానికి గానీ కోసల రాజు అనుమతి కావాలి. కానీ నీ కుటుంబాన్ని సాంఘికంగా వెలివేయడానికి, మీ భూములు లాక్కోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు అన్నాడు. వెలి అంటే ఏమిటో, భూమి పోవడమంటే ఏమిటో ఈ పాఠం చదివేవాళ్లకు నేను వివరించనక్కర్లేదు. నా కుటుంబం జోలికి పోవద్దు, శిక్ష ఏదైనా నాకే అన్నాడు సిద్ధార్థుడు. తానే పరివ్రాజకుడై వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక రెండు వైపులా జనంలో కదలిక వచ్చింది. యుద్ధం ఆగింది. రోహిణి నీళ్ల మీద వచ్చే ప్రతి తగాదానూ తీర్చడానికి శాశ్వత మధ్యవర్తుల మండలి ఏర్పడింది, దాని మాట రెండు పక్షాలూ వినాల్సిందే.

ఈ కథలో మూడు సంగతులు పట్టుకోండి. ఒకటి, మెజారిటీ వచ్చినంత మాత్రాన యుద్ధం న్యాయం కాదు. రెండు, శాంతి అంటే ఊరికే చేతులు ముడుచుకోవడం కాదు, దానికి ఒక పద్ధతి ఉంటుంది: రెండు పక్షాలకూ సమాన సంఖ్య, మధ్యలో ఇద్దరికీ చెందని ఐదో మనిషి. మూడు, ఆ పద్ధతి కావాలని అడిగేవాడు దానికి మూల్యం కట్టాల్సి వస్తుంది.

మన ఊళ్లలో పెద్దమనుషుల పంచాయితీ ఎలా నడుస్తుందో మీకు తెలుసు. కొట్టినవాడి బాబాయే అరుగు మీద కూర్చుని తీర్పు చెప్తాడు. దెబ్బలు తిన్నవాడు కింద నిలబడతాడు. సిద్ధార్థుడు అడిగింది దీనికి సరిగ్గా తలకిందులైన పంచాయితీ.

ఐదుగురు కూర్చున్న రెండు తగాదాలు

ఇదంతా పాత కథ, ఈ రోజుల్లో కుదరదు అంటారా? కుదిరిన చోటు మన బంగాళాఖాతమే.

1970 నాటి పెను తుపాను తర్వాత గంగా ముఖద్వారం దగ్గర ఒక ఇసుక దిబ్బ తేలింది. మనవాళ్లు న్యూ మూర్ అన్నారు, బంగ్లాదేశ్ వాళ్లు దక్షిణ తాల్‌పట్టి అన్నారు. మనిషి కాపురం లేని ఆ దిబ్బ కోసం 1981లో నౌకలు కదిలాయి. రెండు దేశాల పత్రికలూ వేడెక్కాయి. 2010కల్లా ఆ దిబ్బ మునిగిపోయిందని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. అనిచ్చ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. "ఇది నాది" అని రెండు రాజ్యాలు పట్టుబట్టిన వస్తువును సముద్రం తీసుకుపోయింది.

దిబ్బ పోయినా సముద్రపు హద్దు తగాదా మిగిలింది. 2009లో బంగ్లాదేశ్ ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం కింద మధ్యవర్తిత్వం కోరింది. ఐదుగురు సభ్యుల ట్రిబ్యునల్ కూర్చుంది. 2014 జూలై 7న తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు పోయింది. ట్రిబ్యునల్‌లో భారత్ నియమించిన సభ్యుడు పెమ్మరాజు శ్రీనివాసరావు గారు కొన్ని అంశాల మీద విభేదించి విడిగా అభిప్రాయం రాశారు. అయినా భారత ప్రభుత్వం తీర్పును ఒప్పుకుంది. అటుపక్క పెద్ద దేశం, ఇటుపక్క చిన్న దేశం. పెద్దది తగ్గింది. ఆకాశం విరిగిపడలేదు.

ఇదే చట్టం కింద ఇంకో ఐదుగురు కూర్చున్నారు. దక్షిణ చైనా సముద్రం మీద ఫిలిప్పీన్స్ 2013లో కేసు వేసింది. చైనా విచారణకే రాలేదు. 2016 జూలై 12న తీర్పు వచ్చింది: మ్యాపు మీద గీతలు గీసి ఆ లోపలి సముద్రమంతా పూర్వం నుంచి మాదే అనడానికి చట్టంలో ఆధారం లేదు. ఆ తీర్పు చెల్లదు అంది చైనా. స్కార్‌బరో అనే దిబ్బ చుట్టూ తరాలుగా చేపలు పట్టుకున్న ఫిలిప్పీన్స్ జాలర్లు అక్కడికి పోవడానికి ఇప్పటికీ చైనా ఓడలతో తంటాలు పడుతున్నారు.

చట్టం ఒకటే, పద్ధతి ఒకటే. తేడా ఎక్కడుంది? బలమున్నవాడు ఐదో మనిషి ముందు కూర్చున్నాడా లేదా అన్న దగ్గరే ఉంది.

ముద్దాయే పెద్దమనిషైతే

చైనా ఒక్కటే అలా చేసిందనుకోకండి. 1980లలో అమెరికా నికరాగువా అనే చిన్న దేశంలో తిరుగుబాటు దళాలకు ఆయుధాలిచ్చింది, ఆ దేశపు రేవుల్లో మందుపాతరలు పెట్టించింది. నికరాగువా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. ఈ కేసు వినే అధికారం మాకుందని కోర్టు అనగానే అమెరికా విచారణ నుంచి తప్పుకుంది. 1986 జూన్ 27న తీర్పు: అమెరికా అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించింది, నష్టపరిహారం ఇవ్వాలి.

తీర్పు అమలు చేయించాల్సింది భద్రతా మండలి. అక్కడ అమెరికాకు వీటో ఉంది. తన మీద తీర్పు అమలు కావాలనే తీర్మానాన్ని తానే వీటో చేసింది. 1991లో నికరాగువాలో వచ్చిన కొత్త ప్రభుత్వం కేసునే వెనక్కి తీసుకుంది. పరిహారం రాలేదు.

ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలున్నాయి. వీటో ఐదింటికే: అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్. 1945లో యుద్ధం గెలిచినవాళ్లు వేసుకున్న కుర్చీలవి. సిద్ధార్థుడి ఐదుగురికీ ఈ ఐదుగురికీ ఎంత దూరమో చూడండి. వాళ్లను రెండు పక్షాలు ఎన్నుకుంటాయి. వీళ్లను ఎవరూ ఎన్నుకోలేదు, దించే దారి కూడా లేదు. 2022లో ఉక్రెయిన్ మీద దాడి చేసిన రష్యా, ఆ దాడిని ఖండించే తీర్మానాన్ని తానే వీటో చేసింది. కొట్టినవాడే అరుగు మీద కూర్చున్నాడు.

అయితే చిన్నవాళ్ల చేతిలో ఏమీ లేదా? మగధ రాజు అజాతశత్రు వజ్జీల మీద దండెత్తాలనుకుని తన మంత్రి వస్సకారుణ్ని బుద్ధుడి దగ్గరకు పంపాడు. బుద్ధుడు వజ్జీల కోటల గురించి, ఏనుగుల గురించి మాట్లాడలేదు. వాళ్లు తరచుగా సమావేశమవుతున్నారా, కలిసికట్టుగా కూర్చుని కలిసికట్టుగా లేస్తున్నారా, తాము ఒప్పుకున్న కట్టుబాట్లను నిలబెట్టుకుంటున్నారా అని ఆనందుణ్ని అడిగాడు. అలా ఉన్నంతకాలం వాళ్లకు క్షీణత లేదన్నాడు. చిన్న రాజ్యాల బలం వాటి సభలో ఉంది.

2022 ఏప్రిల్ 26న ఇలాంటిదే ఒకటి జరిగింది. ఒక తాలూకా అంత కూడా లేని లీచ్‌టెన్‌స్టైన్ అనే దేశం ముందు నిలబడి జనరల్ అసెంబ్లీలో ఒక తీర్మానం ఆమోదింపజేసింది. ఇక మీదట ఎవరు వీటో వాడినా 10 పనిదినాల్లోగా జనరల్ అసెంబ్లీ సమావేశమై దాన్ని చర్చించాలి. వీటో పోలేదు. కానీ వాడినవాడు ఇప్పుడు అందరి ముందూ సంజాయిషీ చెప్పుకోవాలి. చిన్న అడుగే, కానీ సరైన దిక్కుకు పడింది.

బలవంతుడు తగ్గినా మిగిలే దుఃఖం

ఇంకో సంగతి చూద్దాం. ఆఫ్రికాలో బకాసీ అనే ద్వీపకల్పం కోసం నైజీరియా, కామెరూన్ తగాదా పడ్డాయి. చమురు ఉందని ఆశ. నైజీరియా జనంలో, సైన్యంలో చాలా పెద్దది, భూమి కూడా దాని చేతిలోనే ఉంది. 2002 అక్టోబరు 10న అంతర్జాతీయ న్యాయస్థానం అది కామెరూన్‌దే అంది. నైజీరియా మొదట ససేమిరా అంది. సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ మధ్యలో కూర్చున్నారు. 2006 జూన్‌లో ఒప్పందం కుదిరింది, 2008 ఆగస్టు 14న అప్పగింత పూర్తయింది. రెండు సైన్యాల మధ్య పెద్ద యుద్ధం రాకుండా సరిహద్దు మారింది.

ఇది మంచి కథే. కానీ ఆగి అడగండి: బకాసీలో కాపురముంటున్న జాలరి కుటుంబాల మాటేమిటి? వాళ్లలో ఎక్కువమంది తాము నైజీరియన్లమనే అనుకున్నారు. చాలామంది ఊళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. గీత గీసేటప్పుడు వాళ్లను ఎవరూ అడగలేదు.

బాబాసాహెబ్ కథ ఇక్కడే ఇంకా లోతుకు పోతుంది. రోహిణి తగాదా తీరింది, ఇంటికి రావచ్చు అని కబురు వచ్చినా సిద్ధార్థుడు వెనక్కి రాలేదు. దేశాల మధ్య యుద్ధం ఎప్పుడో ఒకసారి వస్తుంది, వర్గాల మధ్య పోరాటం నిత్యం జరుగుతూనే ఉంటుంది, దుఃఖానికి వేరు అక్కడుంది అని ఆయన ఆలోచించాడు. రాజుల మధ్య రాజీ కుదిరితే సరిపోదు, ఆ నీళ్లలో దిగి పనిచేసేవాడి బతుకు మారాలి.

మన ఉత్తరాంధ్ర జాలర్లనే తీసుకోండి. ఇక్కడ పని సరిపోక గుజరాత్‌లోని వేరావల్‌కు వలసపోయి కూలికి పడవలెక్కుతారు. భారత్, పాకిస్తాన్ మధ్య సర్ క్రీక్ దగ్గర హద్దు నేటికీ తేలలేదు. 2018 నవంబరులో వేటకెళ్లిన మనవాళ్లను పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. పద్నాలుగు నెలల జైలు. నీటి మీద గీత కనిపించదు. గీత తేల్చని పాపం ఢిల్లీది, ఇస్లామాబాద్‌ది. జైలు మాత్రం కూలివాడికి.

ఐదో మనిషి ఎలా ఉండాలి

మధ్యలో కూర్చునేవాడికి సైన్యం ఉండదు. అయినా అతని మాట ఎందుకు వినాలి? దీనికి జవాబుగా ఒక బౌద్ధుణ్ని చూపిస్తాను. బర్మాలోని పంటనావ్ అనే ఊళ్లో బడిపంతులుగా మొదలైన ఊ థాంట్ 1961 నవంబరులో సమితి ప్రధాన కార్యదర్శి బాధ్యత తీసుకున్నారు. ఏడాది తిరక్కముందే క్యూబాలో సోవియట్ క్షిపణుల సంక్షోభం వచ్చింది. అణుయుద్ధం అంచుకు లోకం చేరింది.

1962 అక్టోబరు 24న ఊ థాంట్ కెన్నెడీకి, క్రుశ్చేవ్‌కు ఒకే అర్థం వచ్చే సందేశాలు పంపారు. రెండు మూడు వారాలు ఆయుధాలు పంపడం ఆపండని ఒకరికి, ఓడలను అడ్డగించడం ఆపండని ఇంకొకరికి. ఎవరిది తప్పు అని మొదలుపెట్టలేదు. ఇద్దరికీ పరువు పోకుండా వెనక్కి తగ్గే దారి చూపించారు. ఆ నెలాఖరున స్వయంగా హవానాకు వెళ్లారు. సంక్షోభం తీరడానికి కారణాలు చాలా ఉన్నాయి, రహస్య బేరాలు కూడా ఉన్నాయి. కానీ ఊపిరి తీసుకునే వ్యవధి అడిగినవాళ్లలో ఆయన ముందున్నారు. తర్వాత వియత్నాం యుద్ధాన్ని బహిరంగంగా తప్పుపట్టి అమెరికా కోపానికి గురయ్యారు. సమతాభావం అంటే అన్యాయం ముందు మౌనం కాదని అలా తేలింది. దేనికీ అంటుకోని మనసు ఉన్నవాడే ఇద్దరికీ నిజం చెప్పగలడు.

మన వాకిలి

ఇక కష్టమైన భాగం. ఎదుటివాడి లోభం, ద్వేషం, మోహం చూడటం తేలిక. మన వాకిలి కూడా ఊడ్చుకోవాలి.

బౌద్ధ దేశం అని పేరున్నంత మాత్రాన ధమ్మం ఉన్నట్టు కాదు. ఊ థాంట్ పుట్టిన బర్మాలోనే 2017లో సైన్యం రొహింగ్యాల ఊళ్లు తగలబెట్టింది. ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. కాషాయం కట్టిన కొందరు భిక్షువులే ద్వేషాన్ని నూరిపోశారు. గాంబియా అనే చిన్న ఆఫ్రికా దేశం 2019లో హేగ్‌లో కేసు వేసింది. సైన్యం నిర్బంధంలో ఏళ్లు గడిపిన ఆంగ్ సాన్ సూకీయే వెళ్లి తన దేశాన్ని సమర్థించారు. 2020 జనవరి 23న కోర్టు ఏకగ్రీవంగా ఆదేశించింది: రొహింగ్యాలను కాపాడే చర్యలు తీసుకోండి. మొదటి శీలం ఆ రోజు ఎవరి వైపుందో మనం మొహమాటం లేకుండా చెప్పాలి.

అలాగే మన దేశం. 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సింధు జలాల ఒప్పందం మీద సంతకాలు చేశారు. రావి, బియాస్, సట్లెజ్ మనకు. సింధు, జీలం, చీనాబ్ ప్రధానంగా పాకిస్తాన్‌కు. తగాదా వస్తే ముందు రెండు దేశాల కమిషనర్లు, తర్వాత తటస్థ నిపుణుడు లేదా మధ్యవర్తుల కోర్టు. ఆ కోర్టుకు చెరో పక్షం ఇద్దరిద్దరిని నియమించాలి, పైన తటస్థులు ముగ్గురు. రోహిణి దగ్గర సిద్ధార్థుడు అడిగినదానికి ఇంత దగ్గరగా వచ్చిన ఒప్పందం అరుదు. 1965, 1971, 1999 యుద్ధాల్లో కూడా అది నిలిచింది.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. మర్నాడు భారత్ ఆ ఒప్పందాన్ని నిలిపి ఉంచుతున్నట్టు ప్రకటించింది. సరిహద్దు దాటి వచ్చే ఉగ్రవాదాన్ని పాకిస్తాన్ వదిలేదాకా అంతే అని చెప్పింది. ఆ చంపినవాళ్లది ఘోరమైన అధర్మం. వాళ్లకూ వాళ్లను పంపినవాళ్లకూ శిక్ష పడాలి. ఇందులో రెండో మాట లేదు. కానీ దిగువన చేనుకు నీళ్లు పెట్టుకునే పేద రైతు ఆ తుపాకీ పట్టలేదు. నేరస్థుడికి వేయాల్సిన శిక్షను నది మీద వేయొచ్చా? మన సంఘంలో మెజారిటీ ఏమంటుందో మీకు తెలుసు. ఇలా అడిగినవాణ్ని ఏమంటారో కూడా తెలుసు. సిద్ధార్థుడు లేచి నిలబడింది సరిగ్గా అలాంటి సభలోనే.

దేశాల మధ్య ధమ్మం పనిచేయదు అనేవాళ్లకు మన జవాబు ఇది. పనిచేసిన చోట్లున్నాయి: బంగాళాఖాతంలో, బకాసీలో. పనిచేయని చోట కారణం బలవంతుడి అహంకారం, దానికి చప్పట్లు కొట్టే మెజారిటీ. అహంకారాన్ని మనం ఇక్కడి నుంచి దించలేకపోవచ్చు. చప్పట్లు ఆపడం మాత్రం మన చేతిలోనే ఉంది.

మీ అధ్యయన బృందంలో చర్చించండి

1. మీ ఊళ్లో ఈ ఏడాది జరిగిన ఒక పంచాయితీని తీసుకోండి. తీర్పు చెప్పినవాళ్లను ఎవరు ఎన్నుకున్నారు? రెండు పక్షాలూ కూర్చునే మాట్లాడాయా?

2. సిద్ధార్థుడు కోలియులను సమర్థించలేదు, విచారణ కోరాడు. ఈ రెండింటికీ తేడా ఏమిటి? ఈ తేడా చెప్పినా "ద్రోహి" అంటే మీరు ఎలా జవాబిస్తారు?

3. టీవీలో యుద్ధం వార్త వచ్చినప్పుడు పది నిమిషాలు మీ మనసును గమనించండి. లోభం, ద్వేషం, మోహం, వీటిలో ఏది ముందు లేచింది?

4. రెండు రాజ్యాలు రాజీపడినా బాగుపడనివాళ్లు ఎవరు? మీ చుట్టూ అలాంటివాళ్లు ఎక్కడున్నారు?

నమో బుద్ధాయ. జై భీమ్.